గట్టిగా వినిపించిన మిక్సుకే బహుమతా? ఒక జడ్జి జవాబు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో హెవీ మెటల్ మిక్సింగ్ పోటీ గురించి చిన్న వార్త వేశారు, సంతోషం. దాని కిందే ఒక పాఠకుడి ఉత్తరం కూడా వేశారు. వార్తలో ఒక తప్పుంది, ఉత్తరంలో సగం నిజముంది. ఆ పోటీకి ఉన్న ముగ్గురు జడ్జీల్లో నేనూ ఒకరిని కాబట్టి రెండింటికీ నేనే జవాబు రాస్తున్నాను. కాస్త పొడుగైనా వేయండి.

ముందు తప్పు సంగతి. హెడ్డింగులో 'రీమిక్స్ పోటీ' అని పెట్టారు. పాత పాటకి కొత్త బీటు తగిలించి, ఇక్కడో ముక్క అక్కడో ముక్క కత్తిరించి వేరే పాటలా చేస్తే అది రీమిక్స్. మేం పెట్టింది మిక్సింగ్ పోటీ. ఒక బ్యాండ్ స్టూడియోలో వాయించినవన్నీ విడివిడి ట్రాకులుగా ఇస్తాం. కాలితో కొట్టే కిక్ డ్రమ్‌ది ఒకటి, కర్రతో కొట్టే స్నేర్ డ్రమ్ పైనున్న మైకుది ఒకటి, కిందున్న మైకుది ఒకటి, ఎడమ గిటార్, కుడి గిటార్, బేస్, గొంతు, ఇలా ఓ 50 ఫైళ్లు. పోటీలో చేరిన అందరికీ అవే ఫైళ్లు. వాటిని కలిపి, ఏది ముందుండాలో ఏది వెనకుండాలో తేల్చి, పాటగా వినిపించేలా చేసి ఒక్క ఫైలు తిరిగి పంపాలి. పాట మారదు, వాయించినవాళ్లు మారరు. మారేదల్లా కలిపేవాళ్ల చెవి, వాళ్ల నిర్ణయాలు. అందుకే ఈ పోటీ నాకు ఇష్టం. అందుకే జడ్జిగా కూర్చోవాలంటే టెన్షన్ కూడా.

ఇక ఉత్తరం. జడ్జీలకి చెవులు గింగురుమనిపించిన మిక్సే గొప్ప, పద్ధతిగా చేసినవాళ్ల ఫైలు పది సెకన్లు కూడా వినరు అని ఆ పాఠకుడి ఫిర్యాదు. కోపంగా రాశారు గానీ అబద్ధం రాయలేదు. మొదటిసారి పోటీ పెట్టినప్పుడు మేం చేయబోయింది దాదాపు అదే.

అప్పుడు 60కి పైగా ఎంట్రీలు వచ్చాయి. ఫైళ్లన్నీ వచ్చినవి వచ్చినట్టే వరసగా పెట్టుకుని విన్నాం. ఒక ఎంట్రీ మొదలవగానే ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం, గిటార్లు గోడలా వచ్చి మీద పడ్డాయి, కిక్ ఛాతీకి తగిలింది, 'ఇదే' అనుకున్నాం. మిగతావన్నీ దాని పక్కన నీరసంగా అనిపించాయి. లిస్టు కూడా రాసేసుకున్నాం. తర్వాత మాలో ఒకరికి అనుమానం వచ్చి మీటర్ పెట్టి చూస్తే, మేం పైన పెట్టుకున్నదానికీ కింద పడేసినవాటిలో ఒకదానికీ మధ్య 6 డెసిబెల్స్ తేడా ఉంది. సిగ్నల్ లెక్కలో అది రెట్టింపు. సరే అని గట్టిగా ఉన్నవాటిని తగ్గించి అన్నిటినీ ఒకే స్థాయికి తెచ్చి మళ్లీ విన్నాం. ఆ గోడ కూలిపోయింది. గిటార్లు చప్పగా, స్నేర్ టపటప అట్టపెట్టె మీద కొట్టినట్టు, తాళాల్లాంటి సింబల్స్ ఇసక రాలినట్టు. శబ్దాన్ని హద్దు దాటనివ్వని లిమిటర్‌తో నొక్కి నొక్కి దాంట్లో ఊపిరి తీసేశారు. మేం కింద పడేసింది మాత్రం వాల్యూమ్ సమానం చేయగానే లేచి నిలబడింది, దాంట్లో ప్రతి దెబ్బా విడిగా తెలుస్తోంది, బేస్ గిటార్ కూడా వినిపిస్తోంది. చివరికి దానికి రెండో బహుమతి వచ్చింది. ఫలితాలు అప్పటికింకా ప్రకటించలేదు కాబట్టి బతికిపోయాం.

ఇది మా ముగ్గురి తెలివితక్కువతనం మాత్రమే అయితే ఉత్తరం రాసేవాణ్ణి కాదు. మనిషి చెవే అలా తయారైంది. అమెరికాలో టెలిఫోన్ పరిశోధనలు చేసిన బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని గీతలు గీసి మరీ చూపించారు. శబ్దం మెల్లగా ఉన్నప్పుడు మన చెవికి బాగా లోతైన స్వరాలు సరిగా అందవు, మధ్యలోవే అందుతాయి. శబ్దం పెరిగేకొద్దీ కింది స్వరాలు కూడా నిండుగా వినిపిస్తాయి. అంటే వాల్యూమ్ పెంచితే గట్టిగా మాత్రమే కాదు, నిండుగా కూడా అనిపిస్తుంది. తేడా చిన్నదైతే ఇంకా ప్రమాదం, అరా ఒకటీ డెసిబెల్ తేడా ఉంటే 'ఇది గట్టిగా ఉంది' అని మనకి తోచదు, 'ఇది బాగుంది' అని తోస్తుంది. నోరున్నవాడిదే రాజ్యం అంటారే, చెవి దగ్గర ఆ సామెత అక్షరాలా నిజం.

ఆ తర్వాతి నుంచి మా పద్ధతి మారింది. వచ్చిన ప్రతి ఫైలునీ ముందు కొలుస్తాం. దీనికి ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం) వాళ్లు 2006లో ఒక కొలమానం తెచ్చారు, దాన్ని లఫ్స్ అంటారు, ఇవాళ పాటల యాప్‌లు అన్ని పాటల్నీ ఒక స్థాయికి తేవడానికి వాడే లెక్క కూడా దాదాపు ఇదే. గట్టిగా ఉన్నవాటిని కిందికి దించుతాం, మెల్లగా ఉన్నవాటిని పైకి లాగం, లాగితే నెత్తిన గుద్దుకుని చిట్లుతాయి.

మీటర్‌ని కూడా గుడ్డిగా నమ్మకూడదని తర్వాత తెలిసింది. మా పాట మొదట్లో ఓ అర నిమిషం మెల్లని గిటార్ ఉంటుంది. ఒకరు దాన్ని బాగా మెల్లగా ఉంచుతారు, ఇంకొకరు తర్వాత పదేపదే వచ్చే గట్టి గిటార్ ముక్కతో, అంటే రిఫ్‌తో, సమానంగా పైకి లేపుతారు. పాట మొత్తానికి ఒక్క అంకె తీస్తే ఆ తేడా అంకెలోకి చొరబడుతుంది. అందుకని రెండో కోరస్ దగ్గర అందరిలోనూ ఒకే 20 సెకన్ల ముక్క తీసుకుని కొలుస్తున్నాం. ఇంకోటి, ఆ కొలత బాగా లోతైన స్వరాల్ని తక్కువగా లెక్కేస్తుంది. ఎవరైనా 40 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 40 సార్లు ఊగే లోతైన స్వరం దగ్గర, కుమ్మేస్తే అంకె సరిపోతుంది గానీ పెద్ద స్పీకర్ల మీద గది ఊగిపోతుంది. కాబట్టి మీటర్ తర్వాత చెవితో ఇంకోసారి సరిచూస్తాం. ఇది కోడిగుడ్డుకి ఈకలు పీకడం అని మీకనిపించొచ్చు. ఈకలు పీక్కపోతే జరిగేదేంటో మాకు ఒకసారి తెలిసింది.

అయితే ఆ పాఠకుడితో నేను ఒప్పుకోనిది ఒకటుంది. మెల్లగా ఉంటే చాలు అది మంచి మిక్స్ అన్నట్టు రాశారు. ఈసారి అలాంటివి కూడా బోలెడు వచ్చాయి, మేం వాల్యూమ్ సమానం చేస్తామని ముందే చెప్పాం కదా, దాన్ని పట్టుకుని కొందరు డ్రమ్స్‌ని మేకుల్లా పైకి పొడిచి గిటార్లని వెనక గదిలోకి తోసేశారు. ఒక్కో దెబ్బా శుభ్రంగా వినిపిస్తుంది, నిజమే. కానీ పాట బరువు పోయింది. హెవీ సంగీతం అంటేనే దట్టంగా ఉండాలి, ఆ దట్టంలోనే అన్నీ వినిపించాలి. రెండూ ఒకేసారి కావాలనడం అన్యాయమే, కానీ పోటీ అదే.

ఎందుకంత కష్టమో చెప్తాను. ఫ్యాక్టరీలో వేళ్ల చివర్లు తెగిపోయిన బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్టు టోనీ ఐయోమీకి తీగ వదులుగా ఉంటే నొక్కడం తేలికగా ఉండేది, అందుకని 1971 నాటి ఆ బ్యాండ్ ఆల్బమ్‌లో కొన్ని పాటలకి గిటార్‌ని మూడు సెమిటోన్లు, అంటే మూడు స్వరమెట్లు, కిందికి దించి వాయించాడు. అక్కణ్ణుంచి ఈ సంగీతం కిందికి దిగుతూనే ఉంది. మేం ఈసారి ఇచ్చిన పాటలో గిటార్ కింది తీగ 65 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. మామూలు గిటార్‌లో అది 82. బేస్ గిటార్ దానికింకా సగం కింద, 33 దగ్గర. కిక్ డ్రమ్ బరువంతా కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ముగ్గురికి ఒక్క కుర్చీ వేసినట్టు.

పైగా వేగం. పాట నడక నిమిషానికి 200 బీట్లు, బీటుకి నాలుగు కిక్‌లు. అంటే ఒక కిక్‌కీ ఇంకో కిక్‌కీ మధ్య 75 మిల్లీసెకన్లు. 60 హెర్ట్జ్ స్వరం ఒక్కసారి ఊగి రావడానికి సుమారు 17 మిల్లీసెకన్లు పడుతుంది, కాబట్టి ఆ ఖాళీలో అది నాలుగైదు సార్లు ఊగేలోపే తర్వాతి దెబ్బ వచ్చేస్తుంది. నిదానమైన పాటలో గుండె నిండా మోగే కిక్‌ని తెచ్చి ఇక్కడ పెడితే దెబ్బలన్నీ కలిసిపోయి ఒకటే గుర్రు. సగం ఎంట్రీలు ఇక్కడే బోల్తా పడ్డాయి. బాగా చేసినవాళ్లు ఏం చేశారంటే వేగంగా వాయించే చోట కిక్ తోకని, అంటే దెబ్బ తర్వాత మిగిలే మోతని, కత్తిరించి, పైన ఆ టిక్కు మనే శబ్దాన్ని కాస్త పెంచారు, పాట నెమ్మదించే చోట మళ్లీ బరువు వదిలారు. ఒకే పాటలో రెండు కిక్‌లు అన్నమాట. వినేవాళ్లెవరికీ అది తెలియదు, తెలియకపోవడమే పనితనం.

గిటార్ల సంగతికొస్తే, దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటే. గిటార్‌ని ఒక్కదాన్నే సోలోలో పెట్టి విని, అది ఒంటరిగా ఎంత అందంగా ఉందో చూసుకుని మురిసిపోతారు. ఒంటరిగా నిండుగా ఉన్న గిటార్ గుంపులోకి వచ్చేసరికి బురద. డిస్టార్షన్‌తో గరగరమనే గిటార్‌కి హెచ్చుతగ్గులు ఎలాగూ ఉండవు, గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్ దాన్ని ముందే చదును చేసేస్తుంది, అది ఖాళీ కనిపిస్తే చాలు నిండిపోతుంది. 100 హెర్ట్జ్ కింద కొంత కోసేసి, అరచేత్తో తీగ నొక్కి వాయించినప్పుడు 150, 250 మధ్య ఉబ్బే భాగాన్ని అదుపులో పెడితే ఒంటరిగా వింటే సన్నగా ఉంటుంది, బేస్ కలిస్తే కొండలా ఉంటుంది. మనం 'గిటార్ ఎంత బరువుగా ఉందో' అనేదాంట్లో సగం బేస్ గిటారే.

ఆ బేస్‌ని జనం మర్చిపోతారు. మెటాలికా బ్యాండ్ 1988లో తెచ్చిన ఆల్బమ్‌లో బేస్ వెతికినా దొరకదు, ఇన్నేళ్లయినా అభిమానులు దాని గురించి దెప్పుతూనే ఉన్నారు. నేను ఫోన్ స్పీకర్ మీద కూడా ప్రతి ఎంట్రీని ఒకసారి వింటాను. ఆ బుల్లి స్పీకర్ 33 హెర్ట్జ్‌ని పుట్టించలేదు, అయినా బేస్‌కి కొంచెం గరుకుదనం ఇచ్చి 800 దగ్గర నిలబెట్టినవాళ్ల మిక్స్‌లో అది తెలుస్తూనే ఉంటుంది. లోతు మీదే ఆధారపడినవాళ్ల పాటలో బేసిస్టు ఇంటికెళ్లిపోయినట్టు ఉంటుంది.

అన్నట్టు అదే బ్యాండ్ 2008 ఆల్బమ్ కూడా మన వాదనకి పనికొస్తుంది. దాన్ని గట్టిగా వినిపించాలని ఎంత నొక్కారంటే శబ్దం చిట్లిపోవడం మామూలు శ్రోతలకే తెలిసిపోయింది. ఒక గిటార్ వీడియో గేమ్‌లో అవే పాటలు అంత నొక్కుడు లేకుండా వచ్చాయి, జనం రెండూ పక్కపక్కన పెట్టి విని, ఆల్బమ్ మళ్లీ సరిగా తయారు చేయమని సంతకాలు సేకరించారు. మామూలు జనానికి ఇవేం తెలుస్తాయి అనేవాళ్లకి నేను చెప్పే ఉదాహరణ ఇదే.

ఇప్పుడు వినడం గురించి. పది సెకన్లు కూడా వినరు అన్నారు. 4 నిమిషాల పాట, 60 ఎంట్రీలు, ఒక్కసారి పూర్తిగా వినడానికే 4 గంటలు. మేం కనీసం మూడుసార్లు వింటాం. ఒక్క రోజులో కూర్చుని చేసే పని కాదిది, చెవి అలిసిపోతుంది, అలిసిన చెవికి పదునైన శబ్దాలు మొద్దుబారి వినిపిస్తాయి, ముందు విన్న ఎంట్రీలో 'సింబల్స్ గీరుకుంటున్నాయి' అని రాసిన మనిషే రెండు గంటల తర్వాత అంతకన్నా గీరుకునేదాన్ని 'బాగా స్పష్టంగా ఉంది' అని రాస్తాడు. ఎనిమిది వినగానే లేచి వెళ్లిపోవాలని నియమం పెట్టుకున్నాం. వాల్యూమ్ కూడా మాట్లాడుకునే స్థాయిలోనే ఉంచుతాం, చివర్లో ఒక్కసారే పెంచి వింటాం. ఫైలు మీద పేరుండదు, నంబరే. ఒక్కో జడ్జికి ఒక్కో వరసలో ఇస్తారు, లేకపోతే మొదట్లో వచ్చినవాటికి ఒక న్యాయం, చివర్లో వచ్చినవాటికి ఒక న్యాయం అవుతుంది.

ఇక్కడ నా పరువు తీసుకునే సంగతి ఒకటి చెప్తాను. ఆమధ్య ఒకసారి నిర్వాహకులని అడిగి, ఒక ఎంట్రీని వేరే నంబరుతో నా లిస్టులో రెండోసారి కలపమన్నాను, ఏదో నాకు చెప్పొద్దన్నాను. మార్కులన్నీ ఇచ్చాక విప్పి చూస్తే, ఒకే ఫైలుకి ఒకసారి 6.5, ఇంకోసారి 8 వేశాను. మొదటిసారి అది ఒక అద్భుతమైన మిక్స్ తర్వాత వచ్చింది, రెండోసారి ఒక ఘోరమైనదాని తర్వాత. నోట్సు మాత్రం రెండుసార్లూ దాదాపు ఒకటే, 'స్నేర్ సన్నగా ఉంది, గొంతు పాటలో బాగా ఇమిడింది' అని. అంటే లోపాలూ గుణాలూ పట్టుకోవడంలో నా చెవి నిలకడగానే ఉంది, దాన్ని అంకెలోకి మార్చేటప్పుడే ఊగుతోంది. అప్పట్నుంచి తొలి వడపోతలో అంకెలు వేయడం మానేశాను. ముందుకి పంపాలా వద్దా, అంతే. పైకి వచ్చిన పదింటిని మాత్రం రెండేసి చొప్పున పక్కపక్కన పెట్టి పోలుస్తాను. నిర్వాహకులకి ఇది నచ్చలేదు, టేబుల్‌లో నింపడానికి అంకెలు కావాలట. ఇంకా వాదులాట నడుస్తోంది.

ఆ సన్నటి స్నేర్ సంగతి కూడా చెప్పాలి, అది చూస్తే జాలేసింది. స్నేర్‌కి పైనొక మైకు, కిందొక మైకు ఉంటాయి. కర్ర పడగానే పై చర్మం పై మైకుకి దూరంగా వెళ్తుంది, కింది చర్మం కింది మైకు వైపుకి వస్తుంది, అంటే ఒకటి పైకి గీసిన గీతని ఇంకోటి కిందికి గీస్తుంది, రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఒకదాని పోలారిటీ తిప్పితే, అంటే ఆ గీతని తలకిందులు చేస్తే, సరిపోతుంది, ఒక్క బటన్. ఆ మనిషి బటన్ నొక్కకుండా, పోయిన బరువుని స్వరాల్ని పెంచీ తగ్గించే ఈక్యూతో, హెచ్చుతగ్గుల్ని నొక్కే కంప్రెసర్‌తో, వేరే శాంపిల్ (ముందే రికార్డు చేసిన డ్రమ్ దెబ్బ) కలిపి తెచ్చుకోవాలని ఎన్ని రాత్రులు కూర్చున్నారో వింటే తెలిసిపోతోంది. మిగతా పాటంతా చక్కగా చేశారు. అందుకే మార్కులు మాత్రమే పంపితే ఉపయోగం లేదంటాను. 'పంచ్ లేదు' అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. '1:42 దగ్గర డబుల్ కిక్ మొదలవగానే బేస్ గిటార్ మాయమవుతోంది' అని రాస్తే ఆ మనిషి ఫైలు తెరిచి అక్కడికెళ్లి వింటాడు.

అభిరుచి మాటేమిటి అంటారా, ఉంది, లేదనను. మాలో ఒకరికి డ్రమ్స్ గదిలో మోగినట్టే ఉండాలి, శాంపిల్స్ కలిపితే మొహం మాడ్చుకుంటారు. నాకు ఆ పట్టింపు లేదు, ఇంత వేగమైన సంగీతంలో ప్రతి కిక్ ఒకేలా వినపడాలంటే శాంపిల్ సాయం చాలామంది తీసుకునేదే. నియమాల్లో శాంపిల్స్ వాడొచ్చని రాసి ఉంది కాబట్టి ఆయన దానికి మార్కులు తగ్గించకూడదు, తగ్గిస్తే అడుగుతాం. ఇంతకన్నా పెద్ద సమస్య మా గదిలోనే ఇంకోటుంది. ముగ్గురం కలిసి కూర్చుని విన్నప్పుడు, పాట అవగానే ఎవరు ముందు నోరు తెరిస్తే వాళ్ల అభిప్రాయమే మిగతా ఇద్దరికీ అంటుకునేది. నిజం చెప్పాలంటే ఆ ముందు తెరుచుకునే నోరు ఎక్కువసార్లు నాదే. ఫైళ్ల వాల్యూమ్ సమానం చేసి జడ్జీల వాల్యూమ్ వదిలేస్తే ఏం లాభం? ఇప్పుడు ఎవరింట్లో వాళ్లు విని, రాతపూర్వకంగా పంపాకే మాట్లాడుకుంటున్నాం. తుది రౌండులో ముగ్గురం మూడు వేరు వేరు ఎంట్రీల్ని మొదట పెట్టాం. నాకు నచ్చింది గెలవలేదు. గెలిచినదాన్ని మళ్లీ విన్నాను, నేను రెండో స్థానంలో పెట్టినదే అది, గొంతుకీ గిటార్లకీ మధ్య 2 కిలోహెర్ట్జ్ దగ్గర చోటు చేసిన తీరు నా ఎంపికలో లేదని ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఉత్తరం రాసిన పాఠకుడు పోటీలో పాల్గొన్నారని అనుకుంటున్నాను. మీ ఎంట్రీ నంబరు నిర్వాహకులకి చెప్తే, దానిమీద నేను రాసిన నోట్సు ఉన్నది ఉన్నట్టు పంపిస్తాను, నేను పొరబడి ఉంటే అదీ అందులోనే దొరుకుతుంది. మీ మిక్స్‌నీ, గెలిచిన మిక్స్‌నీ ఒకే లఫ్స్‌కి తెచ్చి, కళ్లు మూసుకుని, ఏది ఏదో తెలియకుండా ఎవరిచేతనైనా మార్చి మార్చి వేయించుకుని వినండి. అప్పటికీ మీదే బాగుందనిపిస్తే మళ్లీ రాయండి, వింటాను.

సంపాదకులకి ఒక్క విన్నపం. సవరణ వేసేటట్టయితే పెద్దగా ఏం అక్కర్లేదు, ఆ హెడ్డింగులో 'రీ' అనే అక్షరం తీసేయండి.

ఇట్లు,
ముగ్గురు జడ్జీల్లో ఒకరు